వర్జీనియాలో స్పీడింగ్ టికెట్, లైసెన్స్ న్యూజెర్సీది: లాయర్‌ని ఎలా వెతకాలి?

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. వివరాలు సూటిగా ఇస్తున్నాను. లైసెన్స్ న్యూజెర్సీ, వీసా హెచ్-1బి. వర్జీనియాలో ఐ-95 మీద, లిమిట్ 70 ఉన్నచోట, రాడార్‌లో 88 వచ్చిందని ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) టికెట్ రాశారు. కోర్టు తేదీ ఏడు వారాల తర్వాత. కాగితం మీద 46.2-862 అనే సెక్షన్ నంబరు ఉంది, ఫైన్ ఎంతో మాత్రం ఎక్కడా లేదు. ఆన్‌లైన్‌లో కట్టేద్దామంటే కోర్టు సైట్ ఒప్పుకోవడం లేదు. సంతకం కూడా పెట్టించుకున్నారు. ఇప్పుడు లాయర్‌ని న్యూజెర్సీలో చూసుకోవాలా, వర్జీనియాలోనా? కోర్టుకి మనిషి వెళ్లి తీరాలా?

గోదారిగట్టు:
పద్దెనిమిది మైళ్లకి లాయరెందుకండీ? క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి ఎంతో కనుక్కుని చెక్ పంపేయండి. అయిపోతుంది.

నల్లకోటు:
గోదారిగట్టు గారూ, ఈ టికెట్‌కి ఆ సలహా పనికిరాదు. పెన్నాతీరం గారు రాసిన సెక్షన్ నంబరులోనే సంగతంతా ఉంది. 46.2-862 అంటే స్పీడింగ్ కాదు, వేగం వల్ల రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే ప్రమాదకరంగా నడపడం. వర్జీనియాలో రెండు గీతలున్నాయి: లిమిట్ మీద 20 మైళ్లు, అంతకన్నా ఎక్కువ వెళ్లినా రెక్‌లెసే, లిమిట్ ఎంతైనా 85 దాటినా రెక్‌లెసే. 2020 జులై 1కి ముందు ఆ రెండో గీత 80 దగ్గర ఉండేది. 70లో 88 అంటే మొదటి గీత దాటలేదు, రెండోది దాటింది.

ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ నేరం. గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల ఫైన్. దానికితోడు ఆ రాష్ట్రంలో బండి నడిపే హక్కుని జడ్జి ఆరు నెలల దాకా ఆపేయవచ్చు. 88కి జైలు వేస్తారని భయపెట్టడం లేదు, మామూలుగా వేయరు. కానీ ముందుగా ఫైన్ కట్టి వదిలించుకునే జాబితాలో ఈ నేరం ఉండదు. సైట్ డబ్బు తీసుకోకపోవడానికి కారణం అదే.

సంతకం గురించి కంగారు వద్దు. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఫలానా తేదీకి కోర్టుకి వస్తానని ఇచ్చిన మాట.

గోదారిగట్టు:
నంబరు సరిగ్గా గమనించలేదు, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మరి టికెట్ చూడగానే అది మామూలు స్పీడింగో, రెక్‌లెసో తెలుసుకునే గుర్తు ఏదైనా ఉందా?

నల్లకోటు:
మూడు చోట్ల చూడాలి. సెక్షన్ నంబరు మొదటిది: 46.2-870, ఆ చుట్టుపక్కల నంబర్లయితే మామూలు స్పీడింగ్, 46.2-852 లేదా 862 అయితే రెక్‌లెస్. రెండోది, కోర్టుకి రావడం తప్పనిసరా, ముందే కట్టేయవచ్చా అని గుర్తు పెట్టే గడి. మూడోది కోర్టు వెబ్‌సైట్‌లో కేస్ వివరాలు. వర్జీనియా జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టుల కేసులు ఆన్‌లైన్‌లో పేరుతో వెతకవచ్చు. అక్కడ కేస్ టైప్ దగ్గర ‘ఇన్‌ఫ్రాక్షన్’ (క్రిమినల్ కాని చిన్న ఉల్లంఘన) అని ఉందా, ‘మిస్‌డిమీనర్’ అని ఉందా చూడండి. టికెట్ రాసిన రోజే అక్కడ కనపడదు, కొన్ని రోజులు పడుతుంది.

ఈ తేడా తెలియకుండా లాయర్‌ని వెతకడం మొదలుపెడితే రెండు రకాలుగా నష్టం. ఇన్‌ఫ్రాక్షన్‌కి అనవసరంగా వెయ్యి డాలర్లు పెట్టేస్తారు, లేదా మిస్‌డిమీనర్‌ని మూడొందలతో తేల్చేస్తామన్న మధ్యవర్తి యాప్ చేతిలో పెడతారు.

రిచ్‌మండ్_రాధిక:
ఇక లాయర్ సంగతి. న్యూజెర్సీ లాయర్ వర్జీనియా కోర్టులో నిలబడలేరు. టికెట్ ఏ రాష్ట్రంలో రాశారో ఆ రాష్ట్రపు బార్ లైసెన్స్ (అక్కడ వాదించే అనుమతి) ఉండాలి. అంతటితో కూడా సరిపోదు. వర్జీనియాలో ప్రతి కౌంటీకీ, కొన్ని నగరాలకీ విడి జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టు ఉంది, జడ్జిల పద్ధతులు ఒక కోర్టుకీ ఇంకో కోర్టుకీ పొంతన ఉండవు. ఒకచోట స్పీడోమీటర్ పరీక్ష కాగితం చూపిస్తే తగ్గిస్తారు, ఇంకోచోట డ్రైవింగ్ క్లాస్ చేసి రమ్మంటారు, మరోచోట కామన్‌వెల్త్ అటార్నీ ఆఫీసు (అక్కడ ప్రాసిక్యూటర్‌ని అలా అంటారు) ట్రాఫిక్ కేసుల్లోకి రాదు, ట్రూపర్‌తోనే మాట్లాడుకోవాలి. ఉత్తర వర్జీనియాలో డల్లెస్ ఎయిర్‌పోర్టు దగ్గర ఆఫీసు పెట్టుకున్న తెలుగు లాయర్ మంచివారే కావచ్చు. కానీ కేసు నార్త్ కరోలినా సరిహద్దు దగ్గరి కౌంటీలో ఉంటే, ఆ కోర్టులో వారం వారం కనపడే మనిషి కావాలి.

వెతికే దారి ఇలా ఉంటుంది. సమన్ల మీద, అంటే మీకిచ్చిన టికెట్ మీదే, కోర్టు పేరు, చిరునామా ఉంటాయి. ఆ ఊళ్లో, దాని పక్క రెండు కౌంటీల్లో ట్రాఫిక్, క్రిమినల్ కేసులు చేసేవాళ్లని నలుగురైదుగురిని రాసుకోండి. వర్జీనియా స్టేట్ బార్‌కి లాయర్ రిఫరల్ సర్వీస్ ఉంది, అక్కడినుంచి ఒక పేరు తీసుకోండి. తర్వాత ఆ పేర్లన్నీ స్టేట్ బార్ సైట్‌లో కొట్టి చూడండి: లైసెన్స్ చలామణిలో ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా. ఐదు నిమిషాల పని, చాలామంది చేయరు.

పెన్నాతీరం:
రాధిక గారూ, ఈ వారంలో ఇంటికి పదకొండు ఉత్తరాలొచ్చాయి, అన్నీ వర్జీనియా లాయర్ల నుంచే. ఒక కవరు మీద అయితే ఎర్ర అక్షరాలతో జైలు అని రాసి ఉంది. ఇవి మోసమా?

రిచ్‌మండ్_రాధిక:
మోసం కాదండి. కోర్టు జాబితాలు బహిరంగం. అందులోంచి చిరునామాలు తీసుకుని పంపిస్తారు. అది వాళ్ల ప్రకటన, కోర్టు నోటీసు కాదు. ఆ ఉత్తరాలు పారేయకండి, ఒక రకంగా మీ జాబితా సగం తయారైనట్టే. కవరు మీద తిరుగు చిరునామా చూడండి: కోర్టున్న ఊరికి నలభై మైళ్ల లోపు ఉన్నవాళ్లని పక్కన పెట్టుకోండి. భయపెట్టే ఉత్తరం రాసినవాళ్లూ, ఫలితం గ్యారంటీ అన్నవాళ్లూ వద్దు. ఏ లాయరూ ఫలితానికి హామీ ఇవ్వకూడదు.

వరంగల్_వేణు:
ఫోన్‌లో ఏమడగాలో కూడా ఎవరైనా రాయండి. చాలామంది ఫీజు ఎంత అని ఒక్కటే అడిగి పెట్టేస్తారు.

నల్లకోటు:
నేనైతే ఇవి అడగమంటాను.

కోర్టులో స్వయంగా నిలబడేది మీరేనా, ఇంకెవరినైనా పంపుతారా? యాప్‌ల ద్వారా, పెద్ద ప్రకటనల కంపెనీల ద్వారా వెళ్తే ఈ ప్రశ్నకే తడబడతారు. పేరూ, బార్ నంబరూ చెప్పలేకపోతే అక్కడితో ఆపేయండి.

ఆ కోర్టులో గత నెలలో ఎన్నిసార్లు నిలబడ్డారు? ఇప్పుడున్న జడ్జి 86 నుంచి 90 మధ్య వేగాలకి మామూలుగా ఏం చేస్తారు?

క్లయింటు రాకుండా మీరొక్కరే హాజరు కావచ్చా? మిస్‌డిమీనర్‌లో క్లయింటు తరఫున లాయర్ హాజరు కావడాన్ని చాలా కోర్టులు ఒప్పుకుంటాయి, 88 లాంటి వేగానికి తరచుగా కుదురుతుంది. వేగం పెరిగేకొద్దీ, 95, 100 దగ్గర, జైలు మాట వస్తుంది కాబట్టి మనిషి ఎదురుగా ఉండాలంటారు. దీన్ని కోర్టు క్లర్క్‌ని అడిగితే రమ్మనే చెప్తారు. లాయర్నే అడగాలి.

ఫీజు ఒకే మొత్తమా, గంటల లెక్కా? ట్రాఫిక్ కేసుల్లో ఒకే మొత్తం మామూలు. రెక్‌లెస్‌కి కౌంటీని బట్టి, వేగాన్ని బట్టి ఐదారు వందల నుంచి పదిహేను వందల డాలర్ల దాకా చెప్తారు. అందులో వాయిదా పడితే రెండోసారి రావడం కలిసి ఉందా, అప్పీలు కలిసి ఉందా? అప్పీలు దాదాపు ఎప్పుడూ విడిగానే ఉంటుంది. ఫైన్, కోర్టు ఖర్చులు ఫీజులో ఉండవు, తర్వాత మీరే కోర్టుకి కట్టాలి. ఇవన్నీ రాసి ఉన్న ఒప్పందం ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే డబ్బు పంపండి.

ఆకుపచ్చకల:
వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో ప్రశ్న చేర్చాలి, అదీ మొదటి ఫోన్‌లోనే: "నేను అమెరికా పౌరుణ్ణి కాదు, ఈ కేసు ముగిసే తీరు ఇమ్మిగ్రేషన్ మీద ఎలా పడుతుంది?" 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది క్రిమినల్ లాయర్ క్లయింటుకి చెప్పి తీరాలి. ‘నాకు సంబంధం లేదు’ అని తప్పించుకునే వీలు లేదు.

రెక్‌లెస్ డ్రైవింగ్‌ని మామూలుగా నైతిక పతనం కిందకొచ్చే నేరాల్లో చేర్చరు. ఒక్క దానితో హెచ్-1బి పోతుందని భయపడక్కర్లేదు. ఇబ్బంది ఫారాల్లో వస్తుంది. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160లో అరెస్టయ్యారా, ఏ నేరానికైనా దోషిగా తేలారా అని అడుగుతారు. మిస్‌డిమీనర్‌లో దోషిగా తేలితే అవును అని రాయాలి. అదే కేసు తగ్గి ట్రాఫిక్ ఇన్‌ఫ్రాక్షన్ అయితే, వర్జీనియా చట్టం ప్రకారం అది క్రిమినల్ నేరమే కాదు. గ్రీన్‌కార్డు ఫారం ఐ-485లో ప్రశ్న ఇంకా విశాలం, టికెట్ రాయించుకోవడం కూడా అందులోకి వస్తుంది. కాబట్టి తగ్గినా చెప్పాలి. పౌరసత్వం ఫారం ఎన్-400 దగ్గర, అరెస్టు లేకుండా 500 డాలర్ల లోపు ఫైన్‌తో పోయిన ట్రాఫిక్ కేసుకి పత్రాలు జతచేయనక్కర్లేదు, మద్యం, మత్తుమందులు కలిసి లేకపోతే. చెప్పడం మాత్రం మానకూడదు. టికెట్ కన్నా దాచడమే పెద్ద సమస్య అవుతుంది.

వరంగల్_వేణు:
ఎఫ్-1 వీసా మీద చదువుకునే పిల్లలకి కూడా ఇదేనా?

ఆకుపచ్చకల:
ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్‌లోవి) ఒక్కసారిగా రద్దు చేశారు. నేర రికార్డుల డేటాబేస్‌లో పేరు తగిలిందన్న ఒక్క కారణంతో పోయినవాళ్లలో, చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లూ, కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరుకి తిరిగి పునరుద్ధరించడం మొదలుపెట్టారు. అందుకే విద్యార్థి చేతిలో కేసు ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ కాపీ ఎప్పుడూ ఉండాలి.

డబ్బు లేని విద్యార్థులు మొదట యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉందేమో చూడాలి. ఫీజులోనే ఆ సేవకి డబ్బు కట్టి ఉంటారు. వేరే రాష్ట్రంలో వాదించలేరు కానీ కాగితం చదివి చెప్తారు, అక్కడి లాయర్ పేర్లిస్తారు. జైలు శిక్షకి వీలున్న మిస్‌డిమీనర్ కాబట్టి ఆదాయం తక్కువగా ఉంటే కోర్టే లాయర్‌ని నియమించమని అడగవచ్చు. దానికి మొదటి వాయిదాలో ఆదాయ వివరాలు ఇవ్వాలి. జైలు అడగబోమని ప్రాసిక్యూటర్ ముందే చెప్పేస్తే ఆ హక్కు పోతుంది. మామూలు స్పీడింగ్ ఇన్‌ఫ్రాక్షన్‌కి ఎలాగూ లేదు. ఉద్యోగస్థులైతే ఆఫీసు బెనిఫిట్స్‌లో లీగల్ ప్లాన్ తీసుకున్నారేమో వెతకండి. చాలా ప్లాన్లలో ట్రాఫిక్ కేసులు వస్తాయి, నెట్‌వర్క్‌లో ఆ కౌంటీ లాయర్ ఉన్నారా, మిస్‌డిమీనర్ కవర్ అవుతుందా అని రెండూ అడగాలి.

గోదారిగట్టు:
మరి న్యూజెర్సీ లైసెన్స్ మీద పాయింట్లు? అందరూ భయపడేది దానికేగా.

నల్లకోటు:
న్యూజెర్సీ వాళ్లకి పాయింట్లు అసలు చిన్న సంగతి. వేరే రాష్ట్రంలో చేసిన మూవింగ్ వయొలేషన్‌కి (బండి నడుపుతూ చేసిన తప్పుకి) న్యూజెర్సీ వేసేది 2 పాయింట్లు. అక్కడే మూడేళ్లలో ఆరు పాయింట్లకి చేరితే సర్‌చార్జి మొదలవుతుంది. న్యూయార్క్ లైసెన్స్ అయితే వేరే రాష్ట్రపు మామూలు స్పీడింగ్‌ని అసలు రికార్డులోకే ఎక్కించదు, మద్యం, మత్తు కేసులు వేరు. మేరీల్యాండ్ ఎక్కిస్తుంది కానీ పాయింట్లు వేయదు. నార్త్ కరోలినా లైసెన్స్ వాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 55 పైన వెళ్తూ లిమిట్‌ని 15 కన్నా ఎక్కువ దాటితే అక్కడ లైసెన్స్ సస్పెన్షన్ దాకా వెళ్తుంది. అందువల్ల "88/70 మామూలు స్పీడింగ్‌గా మార్చారు" అన్న మాట నార్త్ కరోలినా వాళ్లకి ఊరట కాదు, వాళ్ల లాయర్ ఇంకా కిందికి లాగాలి. మీ లైసెన్స్ ఏ రాష్ట్రానిదో లాయర్‌కి మొదటి నిమిషంలోనే చెప్పమనేది ఇందుకే.

రాష్ట్రాల మధ్య ఈ సమాచారం డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం మీద వెళ్తుంది. చాలా రాష్ట్రాలు అందులో ఉన్నాయి, విస్కాన్సిన్ లాంటి కొన్ని లేవు. లేవు కాబట్టి సమాచారం చేరదనుకోవద్దు, ఇన్సూరెన్స్ కంపెనీలు తమ దారిన తాము తెలుసుకుంటాయి.

పెన్నాతీరం గారి కేసులో అసలు పోరాటం ఒక్కటే: మిస్‌డిమీనర్ అన్న పదం రికార్డులో లేకుండా చూడడం. అది 88/70 మామూలు స్పీడింగ్‌గా మారినా చాలు, ‘ఇంప్రాపర్ డ్రైవింగ్’ (46.2-869, గరిష్ఠ ఫైన్ 500) అయినా చాలు, అదృష్టం ఉంటే పరికరం లోపం కింద మూవింగ్ కాని నేరంగా మారినా సరే. మూడూ ఇన్‌ఫ్రాక్షన్లే. దీనికోసమే లాయర్‌కి డబ్బు. ఫైన్ తగ్గించడానికైతే ఆ డబ్బు దండగ.

హైవే_హనుమంతు:
స్పీడోమీటర్ కాలిబ్రేషన్ (మీటరు సరిగ్గా చూపిస్తోందా అన్న పరీక్ష) తప్పుగా చేయించేవాళ్లే ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. వర్జీనియా చట్టం 46.2-942 ప్రకారం, ఆ కారు స్పీడోమీటర్ పరీక్ష ఫలితాన్ని ప్రమాణపూర్వక నివేదికగా ఇస్తే కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది, తప్పు ఉందా లేదా అనేదానికీ, శిక్షకీ రెండింటికీ లెక్కలోకి తీసుకోవాలి. ‘ప్రమాణపూర్వక’ అనేది ముఖ్యం. పరీక్ష చేసిన మెకానిక్ నోటరీ ముందు సంతకం చేయాలి. షాపు రసీదు, ఫోన్ జీపీఎస్ స్క్రీన్‌షాట్ పనికిరావు. న్యూజెర్సీలో చేయించినా చెల్లుతుంది. కారు తయారీ గుర్తింపు సంఖ్య నివేదికలో ఉండాలి. 60, 70, 80 లాంటి వేగాల దగ్గర మీటరు ఎంత చూపిస్తోందో, అసలు వేగం ఎంతో రెండూ రాసి ఉండాలి.

కారు 88లో వెళ్తుంటే మీటరు 84 చూపించేదని తేలితే చెప్పుకోవడానికి బలమైన ఆధారం. మీటరు 90 చూపిస్తోందని తేలితే ఆ కాగితం కోర్టుకి తీసుకెళ్లకూడదు. ఏ ఫలితం వచ్చినా ముందు లాయర్‌కే. ఇంకో పొరపాటు: టికెట్ తర్వాత టైర్లు మార్చేయడం. టైరు సైజు మారితే పరీక్షకి అర్థం పోతుంది. అద్దె కారు అయితే ఆ కారే దొరకాలి కాబట్టి దాదాపు కుదరదు.

రాడార్ వైపు కూడా ఒక తనిఖీ ఉంది. పరికరం పరీక్ష చేసిన సర్టిఫికెట్ ఆరు నెలలకి మించి పాతదైతే చెల్లదు. ట్యూనింగ్ ఫోర్క్‌లతో పరీక్షిస్తారు, ఆ కాగితం ట్రూపర్ దగ్గర ఉంటుంది. అది చూసే పని లాయర్‌ది. చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

రిచ్‌మండ్_రాధిక:
దీనికి నాది చిన్న అభ్యంతరం. కాలిబ్రేషన్‌ని లెక్కచేయని కోర్టులున్నాయి. లాయర్‌ని కుదుర్చుకున్నాకే దానికి డబ్బు పెట్టండి. ముందు పెట్టేది న్యూజెర్సీ మోటార్ వెహికిల్ కమిషన్ నుంచి సర్టిఫైడ్ డ్రైవర్ హిస్టరీకి. మీ మంచి రికార్డు వర్జీనియా జడ్జికి కంప్యూటర్‌లో కనపడదు, కాగితం ఇస్తేనే తెలుస్తుంది. అలాగే ఎనిమిది గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లాస్ చేద్దామనుకుంటే, ఆన్‌లైన్ ఒప్పుకుంటారా, క్లాసుకే వెళ్లాలా అన్నది ఆ కోర్టు ఇష్టం. అడగకుండా చేసి పనికిరాకుండా పోయినవి ఎన్నో.

నల్లకోటు:
రాధిక గారి వరుస సరైనది. లాయర్, రికార్డు, తర్వాతే మిగతావి.

వరంగల్_వేణు:
వేరే రాష్ట్రాల వాళ్లు ఈ చర్చలోంచి వర్జీనియా లెక్కలు ఎత్తుకుపోకుండా రెండు మాటలు. జార్జియాలో 85, లేదా రెండు లేన్ల రోడ్డు మీద 75 చేరితే ‘సూపర్ స్పీడర్’ కింద 200 డాలర్లు అదనం. అది కోర్టు ఫైన్‌లో కలవదు, కేసు ముగిశాక రాష్ట్రం నుంచి విడిగా ఉత్తరం వస్తుంది. చిరునామా మారినవాళ్లకి ఆ ఉత్తరం అందక గడువు దాటి, జార్జియాలో నడిపే హక్కు సస్పెండ్ అవుతుంది. టెక్సస్‌లో డ్రైవింగ్ క్లాస్‌తో టికెట్ కొట్టేయించుకునే హక్కు టెక్సస్ లైసెన్స్ ఉన్నవాళ్లకే, సైన్యంలో ఉన్నవాళ్లు మినహా. బయటివాళ్లు ‘డిఫర్డ్ డిస్పోజిషన్’ (షరతులు పెట్టి తీర్పుని వాయిదా వేయడం) అడగాలి.

ఆకుపచ్చకల:
డిఫర్డ్ అన్న మాట వచ్చింది కాబట్టి: వీసా వాళ్లు ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించాలి. మిస్‌డిమీనర్‌లో తప్పు ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక షరతు విధిస్తే, రాష్ట్రం తర్వాత కేసు కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని దోషిగా తేలినట్టే లెక్కిస్తుంది.

పెన్నాతీరం:
చాలా స్పష్టంగా అర్థమైంది. ఇద్దరు లాయర్లతో మాట్లాడుతున్నాను. సమన్ల ఫొటో ఇక్కడ పెట్టి మీ అందరి అభిప్రాయం తీసుకోవచ్చా?

నల్లకోటు:
వద్దండి. కౌంటీ, తేదీ, ట్రూపర్ పేరు, మీ వేగం గురించి ఒక్క ముక్క కూడా బహిరంగంగా రాయొద్దు. లాయర్‌తో చెప్పుకున్నదే గోప్యం, ఇక్కడ రాసింది కాదు. లాయర్‌కి మాత్రం సమన్ల రెండు వైపులా స్కాన్ చేసి పంపండి. ట్రూపర్ ఎంత వేగంలో వెళ్తున్నావని అడిగినప్పుడు మీరేం జవాబిచ్చారో గుర్తున్నంతవరకు రాయండి, అది ఆయన నోట్సులో ఉంటుంది.

కోర్టుకి ఎవరూ వెళ్లకపోవడం మాత్రం జరగకూడదు. మిస్‌డిమీనర్ కాబట్టి మీరు లేకుండానే దోషిగా తేల్చవచ్చు, లేదా అరెస్టు వారెంటు తీయవచ్చు. తేదీ కుదరకపోతే లాయర్ ముందుగా వాయిదా అడుగుతారు. తీర్పు నచ్చకపోతే పది రోజుల్లో సర్క్యూట్ కోర్టుకి అప్పీలు వేయవచ్చు, అక్కడ కేసు మొదటినుంచి కొత్తగా వింటారు. ఆ పది రోజులు తీర్పు తేదీ నుంచే. లాయర్ ఒక్కరే వెళ్తే అదే సాయంత్రం ఫలితం ఈమెయిల్‌లో పంపమని ముందే చెప్పి ఉంచండి.

హైవే_హనుమంతు:
అమ్మానాన్నల పేరు మీద టికెట్ ఉంటే, ఇంగ్లిష్ ఇబ్బంది అయితే, కోర్టు ఖర్చుతోనే తెలుగు దుభాషిని ఏర్పాటు చేస్తారు. కనీసం రెండు మూడు వారాల ముందు క్లర్క్‌కి చెప్పాలి, తెలుగు వాళ్లు వెంటనే దొరకరు. కొడుకో, అల్లుడో అనువాదం చేస్తానంటే కోర్టు ఒప్పుకోదు. ఇండియా లైసెన్స్ మీద నడిపినా కేసు అదే. ఇక్కడ సొంత రాష్ట్రం లేకపోయినా వర్జీనియాలో వాళ్ల పేరు మీద రికార్డు తయారవుతుంది.

ఆకుపచ్చకల:
పెన్నాతీరం గారూ, కేసు ముగిసిన వారంలోనే క్లర్క్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) రెండు కాపీలు తెప్పించుకోండి. ముద్ర, సంతకం ఉన్నవి, వెబ్‌సైట్ ప్రింటు కాదు. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులు ఈ ఫైళ్లని పదేళ్ల తర్వాత తీసేస్తాయి. ఇండియా వాళ్లకి ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు (ఈబీ-2, ఈబీ-3) క్యూ అంతకన్నా పొడుగు. ఐ-485 ఇంటర్వ్యూ రోజున కోర్టుని అడిగితే ఆ కేసు మా దగ్గర లేదంటారు. అప్పుడు మీ దగ్గరున్న ఆ కాపీయే ఆధారం.